ద్రవ్యోల్బణం మోడళ్లను పోల్చి చూడటం ఎలా? గోదావరి డెల్టాలో కూర్చుని చేయగల పని

ఎం.ఏ. ఎకనామిక్స్ ప్రాజెక్టు వైవాలకి మా చుట్టుపక్కల కాలేజీలకు వెళ్తుంటాను. ద్రవ్యోల్బణం మీద పనిచేసిన పిల్లలు ప్రతి ఏడాదీ ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. "నా మోడల్‌కి ఆర్-స్క్వేర్ 0.95 వచ్చింది సార్" అని ఉత్సాహంగా చెప్తారు. (మోడల్ అంటే ధరల కదలికను లెక్కల్లో చెప్పే సమీకరణం, ఆర్-స్క్వేర్ అంటే అది ఉన్న గణాంకాలకు ఎంత దగ్గరగా అతికిందో చెప్పే అంకె.) నేను అడిగేది ఒకటే. "ఎన్ని నెలల లెక్కలు మోడల్‌కి చూపించకుండా దాచి ఉంచావమ్మా?" చాలామంది దగ్గర జవాబు ఉండదు. తప్పు వాళ్లది కాదు. మోడల్ ఎలా కట్టాలో మేం పాఠం చెప్తాం. రెండు మోడళ్లను ఎదురెదురుగా నిలబెట్టి ఏది నిలుస్తుందో తేల్చడం మాత్రం నేర్పం. ఆ లోటు నన్ను చాలా ఏళ్లుగా బాధపెడుతోంది, అందుకే ఇది రాస్తున్నాను.

కావలసినవి పెద్దగా ఏమీ లేవు. ఒక మామూలు ల్యాప్‌టాప్, ఉచితంగా దొరికే గ్రెటెల్ గానీ ఆర్ గానీ (రెండూ గణాంకాల ప్రోగ్రాంలు), ఒక లాంగ్ నోట్‌బుక్, రెండు నెలల ఓపిక.

ముందు ప్రశ్నను కాగితం మీద పెట్టండి

"ఏ మోడల్ మంచిది?" అనేది ప్రశ్న కాదు. దేనికి మంచిది? వచ్చే ఏడాది ధరల పెరుగుదల ఎంతుంటుందో చెప్పడానికా? ఒకసారి పెరిగిన ద్రవ్యోల్బణం ఎందుకు వెంటనే దిగిరాదో తెలుసుకోవడానికా? రిజర్వ్ బ్యాంకు రెపో రేటు (బ్యాంకులకు తానిచ్చే అప్పు మీద వడ్డీ) పెంచితే ఏమవుతుందో చెప్పడానికా? మొదటిదానికి అంచనా ఎంత తప్పిందో కొలిస్తే చాలు. రెండోదానికి మోడల్ లోపలి గుణకాలు, అంటే ఏ కారణానికి ఎంత బరువుందో చెప్పే అంకెలు, చూడాలి. మూడోదానికి జనం తమ ప్రవర్తనను ఎలా మార్చుకుంటారో కూడా మోడల్‌లో ఉండాలి. విధానం మారితే పాత గణాంకాల్లో కనిపించిన సంబంధాలూ మారిపోతాయని రాబర్ట్ లూకాస్ 1976లో చెప్పిన విమర్శ ఇక్కడ పనికొస్తుంది.

మీ ప్రశ్నను నోట్‌బుక్ మొదటి పేజీలో తేదీ వేసి రాయండి. ఫలితాలు వచ్చాక ప్రశ్నను మెల్లగా వాటివైపు జరపాలనిపిస్తుంది. అందరికీ అనిపిస్తుంది. ఆ పేజీ మిమ్మల్ని ఆపుతుంది.

ఏ ధరలు?

వినియోగదారుల ధరల సూచీని, అంటే సీపీఐని, గణాంక మంత్రిత్వ శాఖ నెలనెలా 12వ తేదీ ప్రాంతంలో ఇస్తుంది. గ్రామీణ, పట్టణ, ఉమ్మడి అని మూడు రకాలు. 2012 ఆధార సంవత్సరంగా ఉన్న ఉమ్మడి సూచీలో తిండి, పానీయాల వాటా 45.86 శాతం, ఇంధనం, దీపాల వాటా 6.84 శాతం. ఈ రెండూ తీసేస్తే మిగిలే 47.30 శాతాన్నే కోర్ అంటాం. ఈ మూడు అంకెలూ గుర్తుపెట్టుకోండి, చివర్లో వీటితోనే పని.

టోకు ధరల సూచీలో సేవలు ఉండవు. ఆటో చార్జీ, ట్యూషన్ ఫీజు, క్షౌరం, డాక్టరు ఫీజు అందులో కనపడవు. అయినా చాలా ఏళ్లు మన దేశంలో ద్రవ్యోల్బణం అంటే ముందుగా చూసింది దాన్నే. మన ఏలూరులో పుట్టిన దువ్వూరి సుబ్బారావు గారు రిజర్వ్ బ్యాంకు గవర్నర్‌గా ఉన్న 2008-2013 కాలం దాకా అదే నడిచింది. 2014 జనవరిలో ఉర్జిత్ పటేల్ కమిటీ సీపీఐని ప్రధాన కొలతగా తీసుకోమంది. 2016లో రిజర్వ్ బ్యాంకు చట్టాన్ని సవరించి 4 శాతం లక్ష్యం, అటూ ఇటూ 2 శాతం వెసులుబాటు పెట్టారు. కాబట్టి 2016ని మీ గణాంకాల్లో ఒక గట్టులా భావించండి. గట్టుకి ఇవతల, అవతల మోడల్ ఒకేలా ప్రవర్తిస్తుందో లేదో తర్వాత చూడాలి.

మన రాష్ట్రం సూచీయే కావాలంటే అదీ దొరుకుతుంది. కానీ 2014 జూన్ 2కి ముందు ఆంధ్రప్రదేశ్ అంటే తెలంగాణతో కలిసిన రాష్ట్రం. ఆ పేరుతో ఉన్న పాత అంకెల్ని కొత్త అంకెలకు నేరుగా అతికిస్తే, రెండు వేర్వేరు బుట్టల్ని ఒకే బుట్ట అనుకున్నట్టు అవుతుంది. 2020 ఏప్రిల్, మే నెలలతో కూడా జాగ్రత్త. లాక్‌డౌన్‌లో ధరలు సేకరించేవాళ్లు మార్కెట్లకు సరిగా వెళ్లలేకపోయారు, ఆ రెండు నెలల సూచీని ఇతర పద్ధతులతో పూరించారు. ఆ నెలలకు విడిగా ఒక గుర్తు పెట్టుకోండి. ఆధార సంవత్సరం మారిన చోట లింకింగ్ ఫ్యాక్టర్ వాడాలి. పారిశ్రామిక కార్మికుల సూచీ 2001 ఆధారం నుంచి 2016 ఆధారానికి మారినప్పుడు లేబర్ బ్యూరో ఇచ్చిన ఫ్యాక్టర్ 2.88. కొత్త సూచీని దాంతో గుణిస్తే పాత వరస కొనసాగుతుంది.

రేటు లెక్కకట్టే చోటే సగం ప్రాజెక్టులు చెడిపోతాయి

ఇక్కడ కాస్త నిలబడి చూడాలి. వార్తల్లో చెప్పే రేటు, "గత ఏడాది ఇదే నెలతో పోలిస్తే" అనేది, నిజానికి పన్నెండు నెలసరి మార్పుల మొత్తం. ఈ నెల చెప్పే రేటుకీ, పోయిన నెల చెప్పిన రేటుకీ మధ్య పదకొండు నెలలు ఉమ్మడిగా ఉంటాయి. ఒక పాత నెల బయటికి పోతుంది, ఒక కొత్త నెల లోపలికి వస్తుంది, అంతే. అందువల్ల నెలసరి మార్పులకు ఒకదానితో ఒకటి ఏ సంబంధమూ లేకపోయినా, ఏడాది రేట్ల మధ్య సహసంబంధం (రెండు వరసలు ఎంతగా కలిసి కదులుతాయో చెప్పే అంకె, గరిష్ఠం 1) 11/12, అంటే దాదాపు 0.92 వస్తుంది.

నమ్మకం కుదరకపోతే ఇప్పుడే చేసి చూడండి. ఎక్సెల్‌లో ఒక వరసలో 200 యాదృచ్ఛిక సంఖ్యలు పుట్టించండి. పక్క వరసలో ప్రతి పన్నెండింటి మొత్తం వేయండి. ఆ మొత్తాలకూ, వాటి ఒక నెల వెనకటి మొత్తాలకూ సహసంబంధం కట్టండి. 0.9 చుట్టుపక్కల తిరుగుతుంది. ధరలన్నవే లేని చోట "ద్రవ్యోల్బణానికి జ్ఞాపకం ఎక్కువ" అనే సిద్ధాంతం పుట్టుకొచ్చింది.

నా ఎం.ఫిల్ రోజుల్లో నేను సరిగ్గా ఈ గోతిలోనే పడ్డాను. నాకు 0.93 వచ్చింది. దాని మీద ఒక అధ్యాయం మొత్తం రాసేశాను, గత ధరల్ని చూసే ఇప్పటి ధరలు కదులుతాయనే వెనకచూపు మోడలే గెలిచిందని తేల్చేశాను. చూసినవాళ్లెవరూ పట్టుకోలేదు. టైపింగ్‌కి ఇచ్చే ముందు రోజు రాత్రి, ఎందుకో నెలసరి మార్పులతో ఒకసారి వేసి చూశాను. ఆ గుణకం సగానికి సగం కూడా లేదు. మూడు నెలల పని తీసేసి మళ్లీ రాశాను. ఆ టెన్షన్ మీకు వద్దు.

కాబట్టి మోడల్ కట్టేటప్పుడు నెలసరి మార్పునే వాడండి. ఈ నెల సూచీ లాగరిథమ్‌లోంచి పోయిన నెలది తీసేసి 1200తో గుణిస్తే ఏడాది లెక్కన నెలసరి రేటు వస్తుంది. త్రైమాసికం అయితే 400తో. ఏడాది రేటును అంచనా వేయదలచిన లక్ష్యంగా ఉంచుకోవచ్చు, వివరించే చరరాశిగా వాడేటప్పుడు మాత్రం పైన చెప్పింది మర్చిపోకండి.

కార్తీక మాసం సంగతి

నెలసరి రేటు వాడగానే సీజన్ ఎదురొస్తుంది. చలికాలం కూరగాయలు దిగుతాయి, ఎండలు ముదిరాక ఎక్కుతాయి. దీన్ని సరిదిద్దడానికి నెలకొక డమ్మీ (ఆ నెలైతే 1, కాకపోతే 0 ఉండే చరరాశి) పెట్టొచ్చు, లేదా అమెరికా సెన్సస్ బ్యూరో తయారుచేసిన ఎక్స్-13 అనే ప్రోగ్రాం వాడొచ్చు.

ఐతే ఆ ప్రోగ్రాముకి జనవరి తెలుసు, కార్తీకం తెలియదు. కార్తీక మాసంలో మన దగ్గర కోడిమాంసం, చేపలు తినేవాళ్లు తగ్గిపోతారు, ధర దిగుతుంది. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు. ఈ నెలలు ఇంగ్లీషు క్యాలెండర్‌లో స్థిరంగా నిలబడవు. దీపావళి 2023లో నవంబర్ 12న వచ్చింది, 2025లో అక్టోబర్ 20న వచ్చింది. మూడు వారాలకు పైగా తేడా. 2023లో అధిక శ్రావణం కూడా వచ్చి ఆ తర్వాతి పండగలన్నీ ఆలస్యంగా వచ్చాయి. అందుకని పంచాంగం పక్కన పెట్టుకుని, ప్రతి ఇంగ్లీషు నెలలో కార్తీకపు రోజులు ఎన్ని పడ్డాయో లెక్కపెట్టి, ఆ సంఖ్యను ఒక అదనపు చరరాశిగా చేర్చండి. మాంసం, చేపలు, గుడ్ల ఉప సూచీల మీద పనిచేసేవాళ్లకి ఇది తప్పనిసరి అని నా అభిప్రాయం.

ఇడ్లీ బోర్డు దగ్గర మోడళ్లు

మా ఊరి బస్టాండు ఎదుట ఒక టిఫిన్ హోటల్ ఉంది. నీలం రంగు రేకు బోర్డు. టిఫిన్ల పేర్లు పెయింటుతో రాసి ఉంటాయి, రేట్లు మాత్రం స్టిక్కర్లు. ఇడ్లీ పక్కన ఉన్న 35 అనే స్టిక్కర్ మూల లేచిపోయి, కింద 30లోని సున్నా సగం కనపడుతుంది. దాని కింద ఇంకోటి ఉన్నట్టు ఉబ్బు తెలుస్తుంది. ఓనరు గారిని అడిగాను, ఎప్పుడు మారుస్తారండీ అని.

"మినప్పప్పు పెరిగిన రోజే మార్చేస్తే ఎలాగండి మాస్టారూ, గిరాకీ పక్కోడి దగ్గరికి పోద్దండి. ఆడూ మార్చాలి, గ్యాస్ బండా పెరగాలి, అప్పుడు చూస్తామండి. ఒకసారి మార్చామంటే మళ్లీ ఏడాది దాకా కదపకూడదండి, అందుకని కూసింత ముందు చూసుకునే వేస్తామండి."

అర్థశాస్త్రంలో పోట్లాడుకునే మోడళ్లన్నీ ఆ నాలుగు మాటల్లో ఉన్నాయి. "ఒకసారి మారిస్తే ఏడాది కదపం, అందుకే ముందు చూసుకుంటాం" అన్నది గిలెర్మో కాల్వో 1983లో రాసిన ఊహకు దగ్గర. ప్రతి త్రైమాసికంలో కొందరికే ధర మార్చే వీలు చిక్కుతుంది. నాలుగోవంతు మందికే చిక్కితే ఒక ధర సగటున నాలుగు త్రైమాసికాలు నిలుస్తుంది. అందువల్ల ధర పెట్టేవాడు రాబోయే ఖర్చుల్ని కూడా చూస్తాడు. ఇదే న్యూ కీన్సియన్ ఫిలిప్స్ రేఖ. "పప్పు పెరిగింది, గ్యాస్ పెరిగింది, ఇప్పుడు మారుస్తాం" అన్నది వెనకచూపు మోడల్. పప్పు రేటు తాజాగా కనుక్కోకుండా ఆర్నెల్ల కిందటి ప్లాను ప్రకారమే రేట్లు నడిపే ఓనరు కూడా ఉంటాడు. గ్రెగరీ మాంక్యూ, రికార్డో రీస్ 2002లో ప్రతిపాదించిన పాత సమాచారం మోడల్ అతని కథ.

ఫిలిప్స్ రేఖ అన్న పేరు వచ్చింది గనక ఒక్క మాట. 1958లో ఎ.డబ్ల్యూ. ఫిలిప్స్ బ్రిటన్‌లో 1861 నుంచి 1957 దాకా నిరుద్యోగాన్నీ, కూలి పెరుగుదలనూ పక్కపక్కన పెట్టి, మొదటిది తగ్గితే రెండోది పెరిగే సంబంధాన్ని చూపించాడు. అంతకుముందు 1949లో ఆయన గొట్టాల్లో రంగునీళ్లు పారించి, దేశంలో డబ్బు ఎటు పోతుందో చూపించే ఒక యంత్రం కట్టాడు. ధవళేశ్వరం దిగువన లాకులు ఎత్తుతూ దించుతూ కాల్వలకు నీళ్లు పంచడం చూస్తూ పెరిగిన మనకి, ఆ యంత్రం బొమ్మ చూడగానే అర్థమవుతుంది.

ఇప్పుడు మీ నోట్‌బుక్‌లో ఈ పోటీదారుల్ని రాసుకోండి. మొదటిది అమాయక మోడల్: వచ్చే ఏడాది ద్రవ్యోల్బణం గడిచిన ఏడాది ఎంతో అంతే. దీన్ని చిన్నచూపు చూడకండి. అమెరికా గణాంకాల మీద ఫిలిప్స్ రేఖ అంచనాలు దీన్ని దాటలేకపోయాయని ఆట్కెసన్, ఒహానియన్ 2001లో చూపించారు. రెండోది, గత నెలల ద్రవ్యోల్బణంతోనే నడిచే ఆటోరిగ్రెషన్. మూడోది హైబ్రిడ్ ఫిలిప్స్ రేఖ. దాన్ని ఇలా రాయొచ్చు:

ఈ త్రైమాసిక ద్రవ్యోల్బణం = అ × గత త్రైమాసిక ద్రవ్యోల్బణం + ఆ × రాబోయే త్రైమాసికంపై అంచనా + ఇ × ఉత్పత్తి అంతరం

ఉత్పత్తి అంతరం అంటే దేశం నిజంగా చేసిన ఉత్పత్తికీ, మామూలుగా చేయగల ఉత్పత్తికీ తేడా. ఇందులో 'అ' సున్నా అయితే పూర్తి ముందుచూపు మోడల్, 'ఆ' సున్నా అయితే పూర్తి వెనకచూపు మోడల్. ఒకే సమీకరణంలో రెండు వాదాలు ఎదురెదురుగా నిలబడతాయి, అందుకే నాకిది ఇష్టం. గాలి, గెర్ట్లర్ 1999లో అమెరికా మీద ఇలాంటిదాన్నే, ఉత్పత్తి అంతరం బదులు కూలి ఖర్చుతో, వేసి ముందుచూపుకే ఎక్కువ బరువు ఉందన్నారు. తర్వాత చాలామంది ఒప్పుకోలేదు. నాలుగోది స్టాక్, వాట్సన్ 2007లో వాడినది. ద్రవ్యోల్బణాన్ని రెండు ముక్కలు చేస్తుంది: మెల్లగా కదిలే ధోరణి, వచ్చిపోయే కుదుపు. ధవళేశ్వరంలో 11.75 అడుగుల దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక ఎగరేస్తారు, కొద్ది రోజులకు వరద తీసేస్తుంది, అది కుదుపు. ఏటి అడుగున ఏళ్ల తరబడి పేరుకునే ఇసుక మేట ధోరణి. గేజి దగ్గర కనపడే నీటిమట్టంలో రెండూ కలిసే ఉంటాయి, విడదీయడమే మోడల్ పని.

కౌలు నేర్పే పాఠం

వెనకచూపు ఎక్కడి నుంచి వస్తుందో పుస్తకంలో చదివితే గాల్లో ఉన్నట్టుంటుంది. మన ఒప్పందాల్ని చూడండి. వరి చేలకు కౌలు ఎకరానికి ఇన్ని బస్తాలని మాట్లాడుకుంటారు, బస్తా అంటే 75 కిలోలు. ధాన్యం ధర పెరిగితే భూయజమానికి వచ్చే కౌలు విలువ దానంతటదే పెరుగుతుంది. ఎవరూ ఏమీ అంచనా వేయక్కర్లేదు. అదే రొయ్యల చెరువు లీజు డబ్బులో, రెండు మూడేళ్లకు కలిపి మాట్లాడుకుంటే, సంతకం పెట్టే రోజున ఇద్దరూ రాబోయే రోజుల్ని ఊహించాల్సిందే. ఒకే మండలంలో, ఒకే గట్టుకి అటూ ఇటూ, రెండు రకాల ధరల నిర్ణయం. దేశం మొత్తానికీ ఒకే గుణకం వెతికేటప్పుడు ఇలాంటివన్నీ కలిసిపోయిన సగటు అది అని గుర్తుంచుకోండి. 'అ' 0.4, 'ఆ' 0.6 వచ్చిందనుకోండి, ప్రతి వ్యాపారీ నలభై పాళ్లు వెనక్కి, అరవై పాళ్లు ముందుకు చూస్తున్నాడని కాదు దాని అర్థం.

అంతరం, అంచనా: రెండూ కంటికి కనపడవు

ఉత్పత్తి అంతరాన్ని ఎక్కువమంది హోడ్రిక్-ప్రెస్కాట్ ఫిల్టర్‌తో తీస్తారు. అది జీడీపీ వరసలోంచి నున్నటి గీతను విడదీస్తుంది, మిగిలేది అంతరం. గీత ఎంత నున్నగా ఉండాలో చెప్పే అంకెగా త్రైమాసిక గణాంకాలకు అలవాటుగా 1600 పెడతారు. దీనితో ఇబ్బంది వరస చివర్లో ఉంటుంది. కొత్తగా నాలుగు త్రైమాసికాల జీడీపీ అంకెలు రాగానే, మీరు నిరుడు లెక్కకట్టిన అంతరం మారిపోతుంది, ఒక్కోసారి గుర్తు కూడా తిరగబడుతుంది. జేమ్స్ హామిల్టన్ ఈ ఫిల్టర్ అసలు వాడొద్దనే వాదించాడు. కనీసం రెండు పద్ధతులతో అంతరం తీసి, రెండింటితోనూ ఫలితం నిలుస్తుందో లేదో చూడండి.

అంచనాలకు రిజర్వ్ బ్యాంకు 2005 నుంచి కుటుంబాల మధ్య చేస్తున్న సర్వే ఉంది. అది నగరాల్లో చేసేది. జనం చెప్పే అంకె అసలు ద్రవ్యోల్బణం కంటే చాలా వరకు పైనే ఉంటూ వచ్చింది. అందుకని దాని స్థాయిని నమ్మకుండా, మునుపటి సర్వేకీ ఇప్పటికీ వచ్చిన మార్పును వాడటం మేలు. సర్వే వద్దనుకుంటే, తర్వాతి త్రైమాసికంలో నిజంగా వచ్చిన ద్రవ్యోల్బణాన్నే అంచనా స్థానంలో పెట్టి, జీఎంఎం అనే గణాంక పద్ధతిలో పాత చరరాశుల్ని సాధనాలుగా, అంటే ఆ అంచనాను పరోక్షంగా పట్టిచ్చే అంకెలుగా, వాడతారు. ఆ సాధనాలు బలహీనమైతే 'అ', 'ఆ' ఎటు కావాలంటే అటు ఊగుతాయి. మొదటి దశ రిగ్రెషన్‌లో ఎఫ్ విలువ (సాధనాల బలాన్ని కొలిచే అంకె) తప్పకుండా రాయండి. 10 కంటే తక్కువుంటే ముందుచూపు గెలిచిందనీ, వెనకచూపు గెలిచిందనీ చెప్పే హక్కు మీకు లేదు.

పోటీ పెట్టడం

ఇదే అసలు పని. 2011 జనవరి నుంచి సీపీఐ వరస ఉందనుకుందాం. 2017 డిసెంబర్ దాకా ఉన్న గణాంకాలతోనే అన్ని మోడళ్లనూ కట్టండి. అక్కడి నుంచి 2018 డిసెంబర్ ఏడాది రేటును ఒక్కో మోడల్‌తో అంచనా వేసి రాసుకోండి. తర్వాత ఒక్క నెల గణాంకం చేర్చి, మళ్లీ కట్టి, 2019 జనవరికి అంచనా. ఇలా నెలనెలా ముందుకు. ప్రతి అడుగులోనూ ఆ రోజున ఉన్నవాడికి ఏమి తెలుసో అదే మోడల్‌కి తెలియాలి. పిల్లలు తెలియకుండా తప్పేది ఇక్కడే. సీజన్ సవరణను మొత్తం వరస మీద ఒకేసారి చేస్తారు, ఫిల్టర్‌ను 2025 దాకా ఒకేసారి వేస్తారు. అప్పుడు 2018లో ఉన్న మోడల్‌కి 2023 సంగతులు చాటుగా చేరిపోతాయి. సీజన్ సవరణ, అంతరం రెండూ ప్రతి అడుగులో మళ్లీ చేయాల్సిందే. జీడీపీ అంకెలు తర్వాత సవరిస్తారు కాబట్టి, వీలైతే ఆనాడు విడుదలైన ప్రకటనలోని అంకెనే వాడండి.

తప్పుల్ని ఇలా కొలుస్తాం. ఉదాహరణకు మూడు నెలల్లో తప్పులు 1, మైనస్ 2, 1 అనుకుందాం. వర్గాలు 1, 4, 1. సగటు 2. దాని వర్గమూలం 1.41. ప్రతి మోడల్‌కీ ఈ అంకె తీసి, అమాయక మోడల్ అంకెతో భాగించండి. 1 కంటే తక్కువ వస్తే ఆ మోడల్ తన కష్టానికి ఫలితం చూపించినట్టు.

ఆ భాగఫలం 0.93 వచ్చిందని వెంటనే సంబరపడొద్దు. ఆ తేడా కాకతాళీయమా అని అడగడానికి డీబోల్డ్, మరియానో 1995లో ఇచ్చిన పరీక్ష ఉంది. రెండు మోడళ్ల వర్గ తప్పుల తేడాను నెలనెలా తీసి, దాని సగటును ప్రామాణిక దోషంతో (ఆ సగటు కాకతాళీయంగా ఎంత ఊగగలదో చెప్పే కొలతతో) భాగిస్తాం. ఏడాది ముందుకు వేసే అంచనాల్లో తప్పులు ఒకదానిమీద ఒకటి పడుతుంటాయి కాబట్టి ప్రామాణిక దోషాన్ని న్యూయీ-వెస్ట్ పద్ధతిలో తీయాలి. ఒక మోడల్ ఇంకో మోడల్ లోపలే ఇమిడి ఉంటే, ఆటోరిగ్రెషన్‌కి అంతరం చేర్చిన మోడల్‌లాగా, అప్పుడు క్లార్క్-వెస్ట్ పరీక్ష వాడండి. ఇంకో నిజం కూడా మనసులో ఉంచుకోండి. ఏడేళ్లపాటు నెలనెలా వేస్తే 84 అంచనాలు ఉన్నట్టు కనపడుతుంది, కానీ ఒకదానితో ఒకటి కలవని ఏడాదులు ఏడే. ఏడుగురు సాక్షులతో కేసు తేలుతుందా అని ప్రతిసారీ మిమ్మల్ని మీరు అడగాలి.

మొత్తం అంకెతో ఆపకుండా తప్పుల్ని కాలంతో పాటు గీసి చూడండి. 2023 జూలైలో టమాటా ధర మండిపోయి సీపీఐ ద్రవ్యోల్బణం 7.44 శాతానికి వెళ్లింది. ఆ రోజు అమాయక మోడల్, వచ్చే జూలైకి కూడా 7.44 అంటుంది. వచ్చింది మూడున్నర శాతం చుట్టుపక్కల. ఒక్క దెబ్బకి నాలుగు పాయింట్ల తప్పు. ధోరణినీ కుదుపునూ విడదీసే మోడల్‌కి ఇలాంటి చోటే బలం ఉండాలి, లేకపోతే దాన్ని మోసుకు తిరగడం ఎందుకు?

కుదుపు కోర్‌లోకి పాకుతోందా?

2012 ఆధార సూచీలో తిండికి 45.86 శాతం బరువున్న దేశంలో ఇది అన్నిటికంటే ముఖ్యమైన పరీక్ష అని నేను నమ్ముతాను. రెండు రిగ్రెషన్లు చాలు. మొదటిదానిలో, రాబోయే పన్నెండు నెలల్లో మొత్తం ద్రవ్యోల్బణం ఎంత మారిందో, ఇప్పటి కోర్ రేటులోంచి ఇప్పటి మొత్తం రేటు తీసేస్తే వచ్చే తేడాతో వివరించండి. గుణకం 1కి దగ్గరైతే మొత్తం రేటు తిరిగి కోర్ దగ్గరికే వస్తోందని అర్థం, తిండి కుదుపు వచ్చి పోతోంది. రెండోదానిలో తిప్పి వేయండి. కోర్‌లో వచ్చే మార్పును, ఇప్పుడు మొత్తానికీ కోర్‌కీ ఉన్న తేడాతో. గుణకం సున్నాకంటే స్పష్టంగా ఎక్కువైతే, బియ్యం, పప్పు ధరలు కూలిలోకీ, కూలి నుంచి టిఫిన్ రేట్లలోకీ, స్కూలు బస్సు ఫీజులోకీ పాకుతున్నాయి. ఈ రెండింటినీ 2016కి ముందు, తర్వాత విడివిడిగా వేయండి. గణాంకాలు తక్కువని విశ్వాస అంతరం (అసలు గుణకం ఉండగల పరిధి) వెడల్పుగా వస్తుంది. వెడల్పుగానే చూపించండి.

సంచీ పట్టుకుని బజారుకు

సూచీ అంకెలు మాత్రమే చూస్తే ఒకే గుణకాన్ని రెండు మూడు మోడళ్లు సమానంగా వివరించేస్తాయి. ఎవరిది నిజమో ధర పెట్టే మనిషి దగ్గరే తెలుస్తుంది. అలాన్ బ్లైండర్ అమెరికాలో సుమారు 200 కంపెనీలను నేరుగా అడిగాడు, మీరు ధరలు ఎప్పుడు, ఎందుకు మారుస్తారని. మీకు ఇరవై షాపులు చాలు.

ప్రతి గురువారం ఒకే వేళకి, అవే షాపులకు, అవే పది వస్తువులకు వెళ్లండి. నాణ్యతను పట్టి ఉంచడం కష్టమైన పని. రావులపాలెం యార్డులో అరటి గెల రేటు అంటే సరిపోదు, కర్పూరమా, చక్కెరకేళీయా, ఎన్ని హస్తాలున్న గెలో రాయాలి. అంబాజీపేట కొబ్బరి రేటు వెయ్యి కాయలకు చెప్తారు, కాయ సైజు రాయాలి. భీమవరం వైపు రొయ్యలకు కౌంట్ రాయకపోతే ధరకు అర్థమే లేదు. 30 కౌంట్ కిలోకి ముప్పై రొయ్యలు, 100 కౌంట్ వంద, రెండూ వేర్వేరు సరుకులు. టిఫిన్ హోటల్లో ప్లేటుకి ఎన్ని ఇడ్లీలో లెక్కపెట్టండి. నాలుగు ఇడ్లీల ప్లేటు మూడుకి దిగి, స్టిక్కర్ మీద 35 అలాగే ఉంటే, ధర మూడోవంతు పెరిగింది. బోర్డు మాత్రం కదల్లేదు. బోర్డు చూసి రాసుకున్నవాడు కాల్వోదే ఒప్పు అంటాడు, ఇడ్లీలు లెక్కపెట్టినవాడు అనడు.

ధర మారిన ప్రతిసారీ ఒక్క ప్రశ్న అడగండి: ఏమి చూసి మార్చారు? జవాబును వాళ్ల మాటల్లోనే రాయండి. "పక్కోడు మార్చాడు", "సరుకు రేటు పెరిగింది", "ముందు ముందు పెరుగుద్దని", "ఏటా ఉగాదికి మారుస్తాం". రెండు మూడు నెలలయ్యాక ఈ నాలుగు రకాలూ ఎన్నెన్నో లెక్కవేయండి. ఏటా ఒకే రోజున మార్చేవాళ్లు ఎక్కువైతే కాలం ప్రకారం నడిచే మోడళ్ల వైపు, ఖర్చు ఒక హద్దు దాటినప్పుడే మార్చేవాళ్లు ఎక్కువైతే పరిస్థితిని బట్టి నడిచే మోడళ్ల వైపు మీ దగ్గర ఒక చిన్న సాక్ష్యం ఉన్నట్టు. ఇరవై షాపులతో దేశానికి చెప్పలేరు. కానీ 'అ', 'ఆ' గుణకాల పక్కన ఈ పట్టిక పెడితే, వైవాలో కూర్చున్నవాళ్లు మీ ప్రాజెక్టును ఇంకోలా చదువుతారు.

చివరిగా, వచ్చే 12వ తేదీ లోపే ఒక పని చేయండి. మీ మోడళ్లన్నీ ఈ నెల సీపీఐకీ, ఏడాది తర్వాతి సీపీఐకీ ఏమి చెప్తున్నాయో ఒక కాగితం మీద రాసి, తేదీ వేసి, కవర్లో పెట్టి అంటించి, మీ గైడ్ గారి బీరువాలో పెట్టించండి. ఒక జిరాక్స్ మీ నోట్‌బుక్‌లో ఉంచుకోండి. అంకె విడుదలైన సాయంత్రం తీసి పక్కన అసలు రేటు రాయండి. మళ్లీ నెల, ఇంకో కవరు.